చివరి మ్యాచ్ ఆడకుండా వెళ్లిన లక్ష్మణ్‌కు

గొప్ప ఆటగాడు ఆట నుంచి తప్పుకుంటున్నాడంటే అభిమానులకు ఒక ఆనవాయితీ ఉంది. చివరి మ్యాచ్‌కు ఎలాగైనా టికెట్ సంపాదిస్తారు. వీలుకాని వాళ్లు టీవీ ముందు కూర్చుంటారు. అతను మైదానంలోకి దిగేటప్పుడు లేచి నిలబడి చప్పట్లు కొడతారు. అవుటై వెళ్లేటప్పుడు మళ్లీ కొడతారు. 2013 నవంబరులో ముంబయి వాంఖడే స్టేడియంలో సచిన్ టెండూల్కర్ తన 200వ టెస్టు ముగించి మైకు పట్టుకున్నప్పుడు దేశమంతా పనులాపి విన్నది. 2008లో సౌరవ్ గంగూలీకి నాగపూర్‌లో, అంతకు కొద్ది రోజుల ముందు అనిల్ కుంబ్లేకు ఢిల్లీలో అలాంటి వీడ్కోలే దక్కింది. మన తెలుగువాడు వి.వి.ఎస్. లక్ష్మణ్ మాత్రం ఆ అవకాశం మనకు ఇవ్వలేదు.

2012 ఆగస్టు 18, శనివారం. హైదరాబాద్‌లో విలేకరులను పిలిచి అంతర్జాతీయ క్రికెట్ నుంచి ఆ క్షణం నుంచే తప్పుకుంటున్నానని చెప్పేశారు. న్యూజిలాండ్‌తో ఆడబోయే జట్టులో ఆయన పేరు అప్పటికే ఉంది. మొదటి టెస్టు ఎక్కడో కాదు, ఆయన సొంత ఊళ్లో, ఉప్పల్ స్టేడియంలోనే. అదీ ఐదు రోజుల్లో, ఆగస్టు 23న. ఆ ఒక్క మ్యాచ్ ఆడి దండలు వేయించుకుని వెళ్లినా ఎవరూ కాదనేవారు కాదు. అంతరాత్మ చెప్పిన మాట విన్నానని, కుర్రవాళ్లకు చోటు వదలాల్సిన సమయం వచ్చిందని ఆయన చెప్పారు. టెస్టు అనుకున్న రోజుకే మొదలైంది. పుజారా 159 కొట్టాడు, అశ్విన్ 12 వికెట్లు తీశాడు, ఇండియా ఇన్నింగ్స్ 115 పరుగుల తేడాతో గెలిచింది. లక్ష్మణ్ లేడు.

చివరి మ్యాచ్ లేని ఆటగాడికి అభిమాని ఏ రకంగా వీడ్కోలు చెప్పాలి? ఈ సంచికకు ఆటల మీద ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని తమ్ముళ్లు అడిగినప్పుడు నాకు మొదట తోచిన ప్రశ్న ఇదే. ఇప్పుడు హాస్టల్లో ఉన్న పిల్లలకు లక్ష్మణ్ అంటే టీవీలో సూటు వేసుకుని మాట్లాడే పెద్దమనిషి. కొంచెం ఎక్కువ తెలిసినవాళ్లకు 2021 డిసెంబరులో బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యతలు తీసుకున్నాయన. ఆయన ఆట చూసినవాళ్లు చూడనివాళ్లకు ఆ ఆట విడమరిచి చెప్పడమే మనం చేయగలిగిన సన్మానమని నాకు అనిపిస్తుంది. పూలు, శాలువలు ఆయనకు ఎలాగూ చాలానే అందాయి.

ముందుగా లెక్కలు. 1974 నవంబరు 1న హైదరాబాద్‌లో పుట్టారు. 1996 నవంబరులో అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికాపై మొదటి టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో 51 కొట్టారు. 2012 జనవరిలో అడిలైడ్‌లో ఆఖరి టెస్టు. మొత్తం 134 టెస్టులు, 8,781 పరుగులు, 17 సెంచరీలు, సగటు 45.97. వన్డేలు 86 మాత్రమే. ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2003 ప్రపంచకప్ జట్టులో పేరు లేకపోవడం ఆయనకు ఎంత బాధ కలిగించిందో ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. సచిన్, ద్రవిడ్, గంగూలీల లెక్కలతో పోలిస్తే ఇవి తక్కువగానే కనిపిస్తాయి. మరి ఆ ముగ్గురి సరసన ఈ పేరు ఎందుకు నిలబడింది? లెక్కల పుస్తకంలో పరుగులు ఎన్నో ఉంటాయి గానీ, అవి ఏ గడియలో వచ్చాయో ఉండదు. లక్ష్మణ్ పరుగులు ఎక్కువగా ఇల్లు కాలుతున్నప్పుడు వచ్చినవి.

కలకత్తా మ్యాచ్ సంగతి చెప్పకుండా ముందుకు పోవడానికి లేదు. ఇరవై ఓవర్ల ఆట మాత్రమే చూసి పెరిగిన తమ్ముళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. టెస్టు మ్యాచ్ ఐదు రోజులు సాగుతుంది. ఒక్కో జట్టు రెండుసార్లు బ్యాటింగ్ చేయాలి. మొదట ఆడిన జట్టు కన్నా రెండో జట్టు 200 పరుగులు, అంతకు మించి వెనకబడితే, వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగమని మొదటి జట్టు కెప్టెన్ ఆదేశించవచ్చు. దీన్నే ఫాలో ఆన్ అంటారు. ఒకసారి తన్నులు తిని వచ్చినవాణ్ణి దుమ్ము దులుపుకోనీయకుండా మళ్లీ బరిలోకి తోయడమన్నమాట. ఫాలో ఆన్ ఆడి గెలిచిన జట్లు అప్పటికి వందేళ్లకు పైబడిన టెస్టు చరిత్రలో రెండే సందర్భాల్లో ఉన్నాయి. 1894లో సిడ్నీలో ఒకసారి, 1981లో లీడ్స్‌లో ఒకసారి. రెండుసార్లూ గెలిచింది ఇంగ్లండే.

2001 మార్చి 11న ఈడెన్ గార్డెన్స్‌లో మొదలైన ఆ మ్యాచ్‌కు స్టీవ్ వా నాయకత్వంలోని ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది. మెక్‌గ్రాత్, గిలెస్పీ, షేన్ వార్న్ ఆ జట్టు బౌలర్లు. ఆస్ట్రేలియా 445 కొట్టింది. మనవాళ్లు 171కే కుప్పకూలారు. అందులో లక్ష్మణ్‌వి 59. 274 పరుగులు వెనకబడ్డాం, ఫాలో ఆన్ తప్పలేదు. ఆరో స్థానంలో ఆడిన లక్ష్మణ్‌ను రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానంలో దిగమని కోచ్ జాన్ రైట్, కెప్టెన్ గంగూలీ చెప్పారు. మూడో రోజు ఆట ముగిసేసరికి స్కోరు 4 వికెట్లకు 254. లక్ష్మణ్ 109, ద్రవిడ్ 7. ఇంకా 20 పరుగులు వెనకే ఉన్నాం.

మరునాడు మార్చి 14, బుధవారం. పొద్దున ఆట మొదలైనప్పుడు ఆ ఇద్దరే ఉన్నారు. సాయంత్రం ఆట ముగిసినప్పుడూ ఆ ఇద్దరే ఉన్నారు. రోజంతా ఒక్క వికెట్ కూడా పడలేదు. ఒక్క రోజులో 335 పరుగులు చేర్చారు.

ఆ రోజు మా హాస్టల్ ఎలా గడిచిందో చెప్పాలి. మాది కర్నూలు జిల్లాలో ఒక చిన్న సాంఘిక సంక్షేమ హాస్టల్. పదో తరగతి పరీక్షలు నెత్తి మీదికి వచ్చాయి. స్కూలు హాస్టల్ పక్కనే కాబట్టి మధ్యాహ్నం అన్నానికి హాస్టల్‌కే వచ్చేవాళ్లం. టీవీ గదికి తాళం. అయితే వంటగదిలో మామ దగ్గర ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. మా వంటమనిషిని మేమందరం మామా అనే పిలిచేవాళ్లం. ఆయనకు హిందీ రాదు, ఇంగ్లీషు అంతకన్నా రాదు. కామెంటరీలో జనం అరుపుల తీరును బట్టి ఫోరో వికెట్టో కనిపెట్టేవాడు. మధ్యాహ్నం కంచాలు పట్టుకుని వరసలో నిలబడి అడిగాం.

"మామా, ఎవరన్నా పోయినారా?"

"ఎవురూ పోలేదు. ఆ ఇద్దరే."

సాయంత్రం నాలుగున్నరకు స్కూలు వదిలాక ఊపిరి బిగబట్టుకుని పరిగెత్తాం. మామ బియ్యంలో రాళ్లేరుతున్నాడు. మేం అడగకముందే తలెత్తి, "ఆ ఇద్దరే ఉండారు పోండి రా, పోయి చదువుకోండి" అన్నాడు. ఆ రాత్రి స్టడీ అవర్‌లో ఎవరూ ఏమీ చదివినట్టు నాకు గుర్తు లేదు.

అయిదో రోజు పొద్దున లక్ష్మణ్ 281 దగ్గర అవుటయ్యారు. 452 బంతులు, 631 నిమిషాలు. అప్పటికి ఒక భారతీయుడు టెస్టుల్లో కొట్టిన అత్యధిక స్కోరు అదే. గవాస్కర్ 236 పేరిట ఉన్న రికార్డు చెరిగిపోయింది. 2004లో ముల్తాన్‌లో సెహ్వాగ్ 309 కొట్టేదాకా ఆ 281 చెక్కుచెదరలేదు. ద్రవిడ్ 180. ఇద్దరి భాగస్వామ్యం 376. ఇండియా 7 వికెట్లకు 657 వద్ద ఆపి ఆస్ట్రేలియాను దింపింది. టీ విరామం దాకా మ్యాచ్ డ్రా అయ్యేలాగే ఉంది. ఆ తర్వాత హర్భజన్, సచిన్ కలిసి తిప్పేశారు. ఆస్ట్రేలియా 212కు ఆలౌట్. ఇండియా 171 పరుగులతో గెలిచింది. మొదటి ఇన్నింగ్స్‌లో మన స్కోరు 171, గెలుపు తేడా కూడా 171. మా లెక్కల సారు ఈ సంగతి బోర్డు మీద రాసి మరీ చూపించారు.

ఇక ఆయన ఆట తీరు. మాటల్లో చెప్పడం కష్టమే గానీ ప్రయత్నిస్తాను. వార్న్ బంతిని లెగ్ స్టంపు బయట, బౌలర్ల బూట్లకు గరుకుబారిన చోట వేసేవాడు. అక్కడ పడిన బంతి ఎటు తిరుగుతుందో చెప్పలేం. చాలామంది కాలు అడ్డం పెట్టి బతికి బయటపడేవారు. లక్ష్మణ్ ముందుకు అడుగు వేసి అదే బంతిని ఒకసారి కవర్స్ వైపు, మరోసారి మిడ్ వికెట్ వైపు పంపేవారు. ఒకే రకం బంతి, రెండు దిక్కులు. కిటుకు భుజాల్లో లేదు, మణికట్టులో ఉంది. బ్యాటు బంతిని తాకే ఆఖరి క్షణంలో మణికట్టు తిరుగుతుంది. అజరుద్దీన్ దగ్గరా ఇదే చూశాం. హైదరాబాద్ ఆటగాళ్ల మణికట్టులో ఏదో ఉందని అందుకే అంటుంటారు. బలంగా బాదడం ఆయన పద్ధతి కాదు. 134 టెస్టుల్లో కొట్టిన సిక్సులు ఐదే ఐదు.

ఇది మనకు బాగా అర్థమవుతుందని నా అభిప్రాయం. మన ఆట ఎక్కడ సాగింది? కర్నూలు పక్క నల్లరేగడి నేల ఎండాకాలంలో చెయ్యి పట్టేంత బీటలు ఇస్తుంది. కడప పక్క ఎర్రమట్టి, గులకరాళ్లు. వికెట్ల బదులు ఒక కడప బండ నిలబెడితే చాలు, బంతి తగిలితే టంగుమని మోగుతుంది, అవుటా కాదా అనే తగాదా ఉండదు. అలాంటి నేల మీద బంతి ఒకటి మోకాళ్లకు వస్తే మరొకటి ముక్కుకు వస్తుంది. బలం చూపించబోతే పళ్లు రాలతాయి. ఆఖరి క్షణం దాకా కళ్లప్పగించి చూసి చేతులు తిప్పినవాడే నాలుగు పరుగులు చేస్తాడు. ఈడెన్ గార్డెన్స్ పచ్చికకు, మన చేలకు పోలిక లేదు నిజమే. అయినా వార్న్ వేసిన ఆ గరుకు చోటు మాత్రం మనకు తెలిసిన నేలే.

లక్ష్మణ్‌ను మనం మనవాడు అనుకోవడంలో ఒక చిత్రం ఉంది. క్రికెట్ సంఘాల లెక్క ప్రకారం ఆయన మన జట్టు మనిషి కాదు. హైదరాబాద్ జట్టు రంజీ ట్రోఫీ మొదలైన 1934-35 నుంచీ వేరుగా ఉంది. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది కూడా ఆ 1953-54 సీజన్‌లోనే. కోస్తా జిల్లాలతో పాటు మన రాయలసీమ జిల్లాలు ఆ ఆంధ్ర సంఘం కిందికి వస్తాయి. 1956లో రాష్ట్రాలు ఒకటయినా జట్లు ఒకటి కాలేదు. అంటే కర్నూలు కుర్రవాడు ఎంత బాగా ఆడినా అతనికి దారి ఆంధ్ర జట్టు గుండానే. లక్ష్మణ్ ఆడింది హైదరాబాద్ తరఫున. 1999-2000 సీజన్‌లో ఆయన హైదరాబాద్‌కు 8 సెంచరీలతో 1,415 పరుగులు చేశారు. బెంగళూరులో కర్ణాటకపై సెమీఫైనల్లో 353. ఆ పరుగులన్నీ రికార్డు పుస్తకంలో మన పొరుగు జట్టు ఖాతాలోవి. అయినా మన ఊళ్లలో ఏ పిల్లవాడూ ఆ తేడా పట్టించుకున్నట్టు నేను చూడలేదు. స్కోరు అడిగినప్పుడు "మనోడు ఎంత?" అనే అడిగేవాళ్లు.

ఈ విషయంలో ఐర్లండువాళ్ల పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ గేలిక్ ఫుట్‌బాల్ అనే ఆట ఉంది. బంతిని తన్నవచ్చు, చేతితో పట్టి కొట్టవచ్చు కూడా. ఆటగాళ్లకు జీతం ఉండదు. సాధారణంగా ఎవరి జిల్లాకు వాళ్లే ఆడతారు. పగలు బడిలోనో బ్యాంకులోనో పని, సాయంత్రం ఆట. ఫైనల్ రోజు డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో 82 వేల మంది కూర్చుంటారు. కెర్రీ జిల్లాకు ఆడిన కామ్ కూపర్ అనే ఆటగాడు బ్యాంకు ఉద్యోగి. 2017లో ఆయన తప్పుకున్నప్పుడు తమ ఇంటి మనిషి రిటైరయినట్టే జిల్లా మొత్తం తలచుకుంది. మనకు జిల్లా జట్టు మీద అంతటి మమకారం పెరగలేదు. మన ఆటగాణ్ణి మనం టీవీలో వెతుక్కున్నాం, భాషను బట్టి మనవాడన్నాం.

మనవాడు అనే మాట దగ్గర ఒక సీనియర్ అన్న నాతో చాలాసార్లు వాదించాడు. "వాళ్ల అమ్మానాన్నలు ఇద్దరూ డాక్టర్లు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి వంశం. మనం గవర్నమెంటు దుప్పట్లో పడుకునేవాళ్లం. ఎట్ల మనోడు?" అని ఆయన ప్రశ్న. ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. లక్ష్మణ్ బాగా చదివే పిల్లవాడు, డాక్టర్ కావాల్సినవాడు. పదిహేడేళ్ల వయసులో చదువా ఆటా అన్న మలుపు వచ్చినప్పుడు ఆటను ఎంచుకున్నారు. ఆట కుదరకపోతే మళ్లీ చదువుకునే వీలు ఆ ఇంట్లో ఉంది. మన హాస్టల్లో లక్ష్మణ్ కన్నా చేతివాటం ఉన్న పిల్లలు లేరని నేను అనను. నాలుగేళ్లు ప్రయత్నించి చూడు నాయనా, తర్వాత సంగతి తర్వాత అని చెప్పగలిగిన ఇల్లు మాత్రం ఎవరికీ లేదు. సెలవులకు ఇంటికి పోతే శనగ పీకడానికో పత్తి ఏరడానికో పోయేవాళ్లమే అందరం.

అందుకే ఈ చోట ఇంకో పేరు కూడా చెప్పుకోవాలి. పాల్వంకర్ బాలూ. 1876లో ధార్వాడలో పుట్టిన దళితుడు, ఎడమచేతి స్పిన్ బౌలర్. పూనాలో మొదట మైదానం చూసుకునే పనిలో ఉండి, తెల్లదొరలకు నెట్స్‌లో బంతులు వేస్తూ ఎదిగాడు. మైదానంలో అతని చేతి బంతి అందరికీ కావాలి. విరామంలో మాత్రం అతనికి టీ బయట మట్టి ముంతలో ఇచ్చేవారు. 1911లో ఇంగ్లండు వెళ్లిన మొట్టమొదటి భారత జట్టులో అతను వందకు పైగా వికెట్లు తీశాడు. తిరిగి వచ్చాక బొంబాయిలో మనవాళ్లు సన్మానం చేశారు. ఆ సన్మానంలో పాలుపంచుకున్నవాళ్లలో అప్పటికి కాలేజీ విద్యార్థి అయిన బి.ఆర్. అంబేడ్కర్ ఉన్నారు. బాలూ ఎంత ఆడినా హిందూ జట్టుకు కెప్టెన్‌ను మాత్రం చేయలేదు. ఆ పదవి 1923లో అతని తమ్ముడు విఠల్‌కు దక్కింది. 1937 ఎన్నికల్లో బాలూ, అంబేడ్కర్ ఒకే నియోజకవర్గంలో ఎదురెదురుగా పోటీ చేశారు, అంబేడ్కర్ గెలిచారు. మన అన్న ప్రశ్నకు నా జవాబు ఇంతే. లక్ష్మణ్ ఆటను మెచ్చుకుందాం, బాలూ కథనూ పిల్లలకు చెబుదాం. ఒకటి చెప్పడానికి రెండోది దాచాల్సిన పని లేదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన మ్యాచ్ కలకత్తాది కాదు. 2010 అక్టోబరు, మొహాలీ. మళ్లీ ఆస్ట్రేలియానే. గెలవడానికి 216 కావాలి. లక్ష్మణ్‌కు వెన్ను పట్టేసింది, వంగలేని స్థితి. దాంతో ఆలస్యంగా దిగారు. పరుగెత్తడానికి రైనాను రన్నర్‌గా పెట్టుకున్నారు. స్కోరు 8 వికెట్లకు 124. ఇంకా 92 కావాలి. మిగిలింది ఇద్దరు బౌలర్లు, ఇషాంత్ శర్మ, ప్రజ్ఞాన్ ఓజా.

ఇక్కడ బ్యాట్స్‌మన్ సాధారణంగా ఏం చేస్తాడో తమ్ముళ్లకు చెప్పాలి. బౌలర్‌కు బ్యాటింగ్ రాదని నమ్మి, ఓవర్ మొత్తం తానే ఆడుతూ, సింగిల్ తీయాల్సిన చోట కూడా తీయకుండా ఆగిపోతాడు. లక్ష్మణ్ అలా చేయలేదు. ఇషాంత్‌కు స్ట్రైక్ ఇచ్చారు. అతణ్ణి నమ్మారు. ఇషాంత్ 31 కొట్టాడు. ఇద్దరూ కలిసి 81 చేర్చారు. ఇషాంత్ అవుటయ్యేసరికి ఇంకా 11 కావాలి. ఓజాతో కలిసి ఆ పదకొండూ పూర్తయ్యాయి. ఒక్క వికెట్ తేడాతో గెలుపు. లక్ష్మణ్ 73 నాటౌట్. పదహారేళ్ల ఆటలో ఎవరి మీదా గొంతెత్తని మనిషి, ఆ ఆఖరి నిమిషాల్లో పరుగు విషయంలో తడబడిన ఓజా మీద గట్టిగా అరిచారు. తర్వాత అది తలచుకుని నొచ్చుకున్నారు కూడా. ఆ అరుపు చూశాకే ఆయన మీద నాకు గౌరవం రెట్టింపయింది. అంత నెమ్మది మనిషికి కూడా గెలుపు అంత కావాలన్నమాట.

దీనికి రెండు నెలల ముందు కొలంబోలో 257 ఛేదనలో 103 నాటౌట్. దీనికి రెండు నెలల తర్వాత డర్బన్ పిచ్ మీద, మిగతావాళ్లు నిలదొక్కుకోలేని చోట, 228లో ఆయనవి 96. ఆ టెస్టూ గెలిచాం. 2010 అంతా ఇదే వరస. మూడు దేశాలు, మూడు ఇరకాటాలు, ఒకే మనిషి.

అయితే ఆ తర్వాత రోజులు తిరగబడ్డాయి. 2011లో ఇంగ్లండులో నాలుగు టెస్టులూ ఓడాం. 2011-12లో ఆస్ట్రేలియాలో మళ్లీ నాలుగూ ఓడాం. ఆస్ట్రేలియా మీద ఆరు సెంచరీలు కొట్టిన లక్ష్మణ్ ఆ సిరీస్‌లో చేసింది మొత్తం 155 పరుగులే. తప్పుకోవాలని పత్రికల్లో రాతలు మొదలయ్యాయి. మార్చిలో ద్రవిడ్ తప్పుకున్నారు. లక్ష్మణ్ ఆగస్టు దాకా సాధన చేసి, జట్టుకు ఎంపికై, అప్పుడు వద్దన్నారు. తీసేస్తే పోవడం వేరు, తీసుకున్నాక వద్దనడం వేరు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని మా స్నేహితుల్లో ఇప్పటికీ రెండు వర్గాలు. ఉప్పల్‌లో ఆడి ఉంటే అభిమానులకు ఒక తృప్తి ఉండేదని ఒకరంటారు. తన తృప్తి కోసం ఒక కుర్రవాడి చోటు ఐదు రోజులు పట్టుకోవడం ఎందుకని ఆయన అనుకుని ఉంటారని రెండోవారంటారు. నేను రెండో వర్గం. చివరి మ్యాచ్ అంటే అన్నీ అనుకున్నట్టు జరగవు కూడా. 1948లో బ్రాడ్‌మన్ చివరి ఇన్నింగ్స్‌లో నాలుగు పరుగులు చేస్తే సగటు వంద అయ్యేది. రెండో బంతికే సున్నాకు అవుటయ్యాడు. ఇంగ్లండు ఆటగాళ్లు మూడు జేజేలు కొట్టి మరీ అతణ్ణి దింపారు, ఆ వెంటనే వికెట్ పడింది.

లక్ష్మణ్ సొంత ఊళ్లో ఆడిన టెస్టు మొత్తం మీద ఒకటే. హైదరాబాద్‌లో 1988 తర్వాత 2010 నవంబరు దాకా టెస్టే జరగలేదు. జరిగిన ఆ ఒక్కదాంట్లో ఆయన 74 కొట్టారు. హైదరాబాద్‌వాళ్లకు కూడా దక్కింది అంతే, మనకేముంది.

ఆగస్టు 18న మన వైపు ఏం జరిగిందో గుర్తున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కర్నూల్లో, కడపలో అభిమానం అంటే ఎలా ఉంటుందో తెలిసిందే. సినిమా విడుదలైతే నిలువెత్తు ఫ్లెక్సీలు, పాలాభిషేకాలు, టపాకాయలు, ఫ్లెక్సీ అడుగున ఇరవైమంది ఫొటోలు. లక్ష్మణ్‌కు అవేవీ నాకు కనిపించలేదు. ఆదివారం పేపర్లో ఫొటో వస్తే కత్తిరించి దాచుకున్నవాళ్లు ఉన్నారు. మా బ్యాచ్‌వాళ్లం అప్పటికి తలా ఒక ఊళ్లో ఉద్యోగాల్లో ఉన్నాం. ఫోన్లకు వచ్చిన మెసేజీలన్నీ ఇంచుమించు ఒకటే, మూడంకెలు: 281. దాని కింద ఇంకేమీ రాయలేదు ఎవరూ. ఒకడు మాత్రం "మామకు తెలుసో లేదో" అని పంపాడు. మా వంటమామ అప్పటికే రిటైరై సొంత ఊరికి వెళ్లిపోయాడు.

ఇప్పటి సంగతి వేరు. 2011 నాటికి కడపలో రాజారెడ్డి పేరుతో మంచి స్టేడియం వచ్చింది, రంజీ మ్యాచ్‌లు మన గడప దగ్గరికి వచ్చాయి. అనంతపురంలో ఆర్‌డీటీ మైదానంలో 2024లో దులీప్ ట్రోఫీ జరిగింది. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం అమ్మాయి శ్రీచరణి 2025 నవంబరు 2న నవీ ముంబయిలో ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఉంది. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. ఆంధ్ర జట్టు నుంచి ఎదిగిన అమ్మాయి. లక్ష్మణ్‌కు దక్కని ప్రపంచకప్ మన జిల్లా పిల్ల చేతికి దక్కింది. మా కాలంలో ఈ మాట ఎవరైనా అంటే నవ్వేవాళ్లం.

హాస్టల్ టీవీ గదికి ఇప్పుడు తాళం లేదని విన్నాను. ఫోన్లలో పాత మ్యాచ్‌లు కూడా దొరుకుతున్నాయి. కలకత్తా టెస్టు చూడాలనిపించిన తమ్ముళ్లు అయిదో రోజు హడావిడితో మొదలుపెట్టకుండా నాలుగో రోజు చూడండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వికెట్ పడదు. మధ్యలో భోజన విరామం వస్తుంది, టీ విరామం వస్తుంది, ఫీల్డర్లు మారతారు, స్టీవ్ వా తొమ్మిదిమంది చేత బౌలింగ్ వేయిస్తాడు. క్రీజులో ఆ ఇద్దరే ఉంటారు.